గోవాలో పిల్లాపాపలతో: మాండవి క్రూజా, డాల్ఫిన్ పడవా?

పెద్దవాళ్ళు వెంట ఉంటే నా ఓటు మాండవి నది మీద తిప్పే క్రూజుకే. పణజిలో శాంటా మోనికా జెట్టీ నుంచి సాయంత్రాలు బయలుదేరుతుంది, గంటసేపు తిప్పుతారు. నది మీదే కాబట్టి కుదుపు ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య కూడా హాయిగా కూర్చున్నారు. పై డెక్ మీద స్టేజీ వేసి దేఖ్నీ, ఫుగ్డీ లాంటి గోవా నృత్యాలు ఆడతారు. మధ్యలో పిల్లల్నీ పైకి పిలుస్తారు. స్పీకర్ల మోత మాత్రం ఎక్కువ, చంటిపిల్లలుంటే దూరంగా కూర్చోండి.

డాల్ఫిన్ పడవ పొద్దున్నే ఎక్కాలి. సింకేరిం బీచ్ వైపు నుంచి వెళ్తే 1612లో పోర్చుగీసువాళ్ళు కట్టిన అగ్వాడా కోట సముద్రంలోంచి కనిపిస్తుంది. డాల్ఫిన్లు సినిమాల్లోలా ఎగురుతాయని పిల్లలకు ఆశ పెట్టకండి. బూడిదరంగు వీపు ఒకటి నీళ్ళపైకి తేలి, నున్నగా మెరిసి, మళ్ళీ మునిగిపోతుంది. ఆ రెండు క్షణాలకే మా చిన్నవాడు ఊపిరి బిగబట్టాడు. తర్వాత అలలకు వాంతులు చేసుకున్నాడు, అది వేరే సంగతి.

నన్ను బాధపెట్టింది మాత్రం ఒకటుంది. ఒక్క డాల్ఫిన్ కనబడగానే మా పడవతో సహా నాలుగు పడవలు ఇంజన్లు హోరెత్తిస్తూ చుట్టుముట్టాయి. పాపం, అది మళ్ళీ తేలనే లేదు. బేరమాడేటప్పుడే "దూరంగా ఆపి, ఇంజన్ కట్టేయండి" అని చెప్పండి. వానాకాలంలో ఈ పడవలు నడవవు.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకైతే నా ఓటు డాల్ఫిన్ పడవకే. లైఫ్ జాకెట్ పట్టీలు మీ చేత్తోనే బిగించండి.