పేస్‌మేకర్ వైరు గుండెలో ఎక్కడ బిగిస్తే మేలు?

మా మేనమామ కళ్లు తిరిగి పడిపోతే ఈసీజీ తీసి, పూర్తి హార్ట్ బ్లాక్ అన్నారు, అంటే పై గదుల కరెంటు కింది గదులకు అస్సలు అందడం లేదన్నమాట. పేస్‌మేకర్ తప్పదని తేలాక ఇంట్లో టెన్షనంతా ఏ కంపెనీది, ఎంతవుతుంది, బ్యాటరీ ఎన్నేళ్లొస్తుంది అనే. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. వైరు కొన గుండెలో ఎక్కడ బిగిస్తారు?

గుండెకు తనదైన కరెంటు దారి ఉంది. పై గదుల్లో పుట్టిన స్పందన పై, కింది గదుల మధ్య ఉండే ఏవీ నోడ్ దగ్గర కాస్త ఆగి, హిస్ బండిల్ అనే కట్ట గుండా దిగి, కుడి ఎడమ కొమ్మలుగా చీలి, కింది గదుల కండరమంతటికీ దాదాపు ఒకేసారి అందుతుంది. అందుకే రెండు కింది గదులూ కలిసి బిగుస్తాయి.

దశాబ్దాలుగా చేస్తున్న పద్ధతిలో వైరును కుడి జఠరిక, అంటే కుడి కింది గది, అడుగున పెడతారు. పని త్వరగా అయిపోతుంది, చేయి తిరిగిన డాక్టర్లు అన్నిచోట్లా ఉంటారు. కాకపోతే కరెంటు అసలు దారి వదిలేసి కండరం నుంచి కండరానికి నెమ్మదిగా పాకుతుంది. ఎడమ గది ఆలస్యంగా బిగుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో పంపింగ్ తగ్గుతుంది. 2003లో వచ్చిన ఒక విశ్లేషణలో, పేసింగ్ (మెషీన్ కొట్టించే స్పందనల వాటా) 40 శాతం దాటినవాళ్లు హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరే ముప్పు పెరిగినట్టు తేలింది. ఎప్పుడో ఒకసారి గుండె ఆగి, మెషీన్ అరుదుగా మాత్రమే పనిచేయాల్సిన మనిషికి ఈ పద్ధతి చాలు. మావయ్యకు ప్రతి కొట్టుకోవడమూ మెషీన్‌దే.

నేరుగా హిస్ బండిల్‌నే పట్టుకునే ప్రయత్నం 2000లో అమెరికాలో దేశ్‌ముఖ్ బృందం మనుషుల్లో చేసి చూపించింది. కుదిరితే ఈసీజీ సహజంగా వచ్చినట్టే ఉంటుంది, అంతకన్నా అందమైన ఫలితం లేదు. కానీ ఆ కట్ట చాలా చిన్నది. దాన్ని పట్టడానికి తరచు ఎక్కువ ఓల్టేజీ కావాలి, అది కాలంతో ఇంకా పెరగొచ్చు. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కొందరికి వైరు మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. అడ్డు హిస్ కంటే కింద ఉంటే అక్కడ పెట్టి లాభం ఉండకపోవచ్చు.

చైనాలోని వెన్‌జౌలో వైజియాన్ హువాంగ్ బృందం 2017లో ప్రచురించిన లెఫ్ట్ బండిల్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. వైరును కుడివైపు నుంచి మధ్యగోడలోకి స్క్రూలా తిప్పుతూ ఎడమ కొమ్మ దాకా తీసుకెళ్తారు. తక్కువ ఓల్టేజీ చాలు, వైరు నిలకడగా ఉంటుంది. కుడి గది కాస్త ఆలస్యంగా బిగుస్తుంది కాబట్టి నూటికి నూరు శాతం సహజం అనలేం. స్క్రూ గోడ దాటి ఎడమ గదిలోకి వెళ్లే ప్రమాదమూ ఉంది, డాక్టర్ దాన్ని అప్పటికప్పుడే గమనించి వెనక్కి తీయాలి. ఏళ్ల తర్వాత ఆ వైరు తీయాల్సివస్తే ఎలా ఉంటుందో, పాత పద్ధతికున్నంత అనుభవం దీనికి ఇంకా లేదు. అయినా మెషీన్ మీదే ఆధారపడే గుండెకు ఈ ఇబ్బందులు ఒప్పుకోదగ్గవే అనిపించింది.

పంపింగ్ ఇప్పటికే బాగా పడిపోయి, లెఫ్ట్ బండిల్ బ్లాక్ (ఎడమ కొమ్మలో కరెంటుకు అడ్డు) ఉన్నవాళ్లకు రెండు జఠరికలకూ వైర్లు పెట్టే బైవెంట్రిక్యులర్ పేసింగ్ ఉంది. ఎక్కువ ఆధారాలు దానివే, దాన్ని పక్కనపెట్టేయకూడదు.

మేము డాక్టర్ని మూడడిగాం: పేసింగ్ ఎంత శాతం పడుతుంది, ఎకోలో పంపింగ్ ఎంత, లెఫ్ట్ బండిల్ మీరు ఎన్ని చేశారు? మూడోదానికి ఆయన నొచ్చుకోలేదు, సంఖ్య చెప్పారు. ఆ రోజే ఒప్పుకున్నాం.