ఆటల గదా, హాల్లో ఓ మూలా: ఏది మేలు?

మూడు పడకగదుల ఫ్లాటు కొన్నవారి ఇంట్లో ఆ మూడో గది గురించి జరిగినంత చర్చ మిగతా ఇల్లంతటి గురించీ జరగదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉండటానికని ఒకరంటారు, ఆఫీసు పనికని మరొకరు. ఈమధ్య ఆ పోటీలోకి పిల్లల ఆటల గది కూడా వచ్చి చేరింది. ఇంటీరియర్లు చేసేవారు చూపించే ఫొటోల్లో అది ముచ్చటగానే ఉంటుంది. గోడ మీద మేఘాలు, మూలన చిన్న గుడారం, వరసగా రంగు డబ్బాలు. ఆ ఫొటోల్లో కనబడనిది పిల్లలొక్కరే.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. పది అడుగులకు పదకొండు అడుగుల గది అంటే 110 చదరపు అడుగులు. గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కలిపి బిల్డరు లెక్కలో అది సుమారు 140 అవుతుంది. లెక్క కోసం చదరపు అడుగు 7 వేల రూపాయలు అనుకుంటే ఆ ఒక్క గది ఖరీదు దాదాపు 10 లక్షలు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ అప్పు తీసుకుంటే నెలకు 8,700 రూపాయల వరకు కట్టాలి. మీ ఊళ్ళో ధర తక్కువైతే ఆ మేరకు తగ్గించుకోండి. ఇంత పెట్టి కొన్న జాగాలో పిల్లలు ఎన్నాళ్ళు ఆడతారన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పిల్లల వయసును బట్టి మారుతుంది.

మూడేళ్ళ లోపు పిల్లలకు వేరే గది దండగ. ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. ఆ వయసు పిల్లలు బొమ్మలున్న చోట ఆడరు, పెద్దవాళ్ళున్న చోట ఆడతారు. సాయంత్రం ఏ ఇంట్లోనైనా వంటింటి గుమ్మం దగ్గర చూడండి. అమ్మ పెనం మీద దోసె తిప్పుతూ ఉంటుంది. రెండేళ్ళ పిల్ల గుమ్మంలో చతికిలబడి, ఖాళీ పోపు డబ్బాలో గరిటె పెట్టి గిరగిరా తిప్పుతుంది. గిన్నె పట్టుకుని లేచి హాల్లోకి వెళ్ళి "తాతా, కాఫీ" అంటుంది. తాత ఊదుకుని తాగినట్టు నటించి, "చక్కెర ఎక్కువైందే తల్లీ" అంటాడు. పిల్ల మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చి మళ్ళీ కలుపుతుంది. ఈ ఆటకు వంటిల్లు కావాలి, తాత కావాలి, ఆ రెంటి మధ్య నడవడానికి దారి కావాలి. బొమ్మలన్నీ లోపలి గదిలో సర్దిపెట్టిన ఇళ్ళలో కూడా పొద్దుపోయేసరికి అవన్నీ ఒక్కొక్కటిగా హాల్లోకే నడిచి వస్తాయి. గది మాత్రం ఫొటోలో ఉన్నంత శుభ్రంగా మిగిలిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలి. ఆ మూడు గంటలూ పెద్దవాళ్ళు ఆటల గదిలో పక్కన కూర్చుని కాపలా కాయలేరు. కాయాల్సిన అవసరమూ లేదు. ఇల్లంతా తిరగనిస్తే సరిపోతుంది.

నాలుగేళ్ళు దాటాక లెక్క మారుతుంది. ఇక్కడ ఆటల గది పక్షాన నిలబడాల్సిందే. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఆట పెద్దదవుతుంది. చెక్క ముక్కలతో ఊరు కడతారు, రైలు పట్టాలు వేస్తారు, దుకాణం పెట్టి సరుకులకు చీటీలు రాస్తారు. ఇవి ఒక పూటలో అయ్యేవి కావు. హాల్లో అయితే మర్నాడు పొద్దున ఇల్లు ఊడ్చే వేళకు ఊరంతా ఎత్తి డబ్బాలో పోయాలి. స్కూలు నుంచి వచ్చిన పిల్లవాడికి నిన్నటి వంతెన కనబడదు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి వంతెన కట్టడం మానేసి టీవీ పెట్టమంటాడు. సగంలో ఆపిన ఆటను అలాగే వదిలేసి రేపు కొనసాగించే వీలు గదికి ఉంది, హాలుకు లేదు. గదికి పెట్టే ఖర్చులో నిజంగా విలువైనది ఇదొక్కటే అని నా అభిప్రాయం. మేఘాల గోడకు అంత విలువ లేదు.

అయితే ఈ సుఖాన్ని చాలావరకు చౌకగా కూడా పొందవచ్చు. వడ్రంగి దగ్గర నాలుగు అడుగులకు మూడు అడుగుల ప్లైవుడ్ పలక కోయించి, అంచులు నున్నగా చేయించి, దాని మీదే కట్టుకోమనండి. రాత్రికి పలకతో సహా మంచం కిందికో దివాన్ కిందికో తోసేయవచ్చు. ఎత్తైన గోపురాలు కట్టే పిల్లలకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

తొమ్మిది, పదేళ్ళు వచ్చాక పిల్లలకు కావలసింది సైకిలు, క్రికెట్టు, స్నేహితులు. అంటే ఒక్కరే సంతానమైతే ఆటల గదికి నిండైన వాడుక నాలుగైదేళ్ళు. మూడేళ్ళ తేడాతో ఇద్దరుంటే ఏడెనిమిదేళ్ళు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో గది అడగడంలో న్యాయముంది. ఒక్కరికే అయితే కొంచెం ఆలోచించాలి.

గదికి ఇంకో గుణం ఉంది, అది నిండుతుంది. జాగా ఉంది కదా అని పుట్టినరోజు కానుకలన్నీ అక్కడే చేరతాయి. 2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లలు 36 మందిని గమనించారు. పదహారు బొమ్మలు ముందు పెట్టినప్పటి కంటే నాలుగే పెట్టినప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. చిన్న అధ్యయనమే, కానీ ఇళ్ళలో మనం చూసేదానికి సరిపోతోంది. సగం బొమ్మలు అటక మీద పెట్టి, నెలకోసారి మార్చితే పాత బొమ్మే కొత్తదిగా కనబడుతుంది. హాలు మూలకు ఉన్న ఇరుకు ఇక్కడ మేలు చేస్తుంది, పట్టినన్నే పెట్టగలం కనుక.

హాలు మూలను పొగిడినంత మాత్రాన దాని లోపాలు దాచలేం. మొదటిది టీవీ. అది మోగుతున్నంతసేపూ పక్కన ఆట సాగదు. రెండోది చుట్టాలు. ఎవరో వస్తున్నారని ఫోను రాగానే పిల్లల మీద అరుపులు మొదలవుతాయి. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, పెద్దవాళ్ళ కాళ్ళు. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద చిన్న కారు బొమ్మ ఒకటి పడి ఉంటే, రాత్రి మంచినీళ్ళకు లేచిన నాయనమ్మ తుంటి ఎముకకు అది చాలు. కాబట్టి మూల అంటే నడకదారిలో లేని మూల కావాలి. సోఫా వెనక అయితే మరీ మంచిది. కింద పాత జంపఖానా పరిచి, ఆటంతా దాని మీదే అన్న నియమం పెట్టండి. బెల్లు మోగితే నాలుగు కొసలూ పట్టి మూటగట్టి పక్కన పెడితే నిమిషంలో హాలు ఖాళీ.

ఇక చాలామంది పరిగణించని దారి ఒకటుంది: పిల్లల పడకగదినే ఆటల గది చేయడం. మన ఇళ్ళలో అలవాటు చూస్తే ఇదే సహజం. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా చాలామంది పిల్లలు అమ్మానాన్నల దగ్గరో నాయనమ్మ పక్కనో పడుకుంటారు. అయినా పిల్లల గది అనగానే మొదట కారు ఆకారంలో మంచం చేయిస్తారు. గదిలో సగం జాగా తినేసిన ఆ మంచం మీద ఇస్త్రీ బట్టలు పడుకుంటాయి. మంచం మానేసి, పగలు గోడకు ఆనించి రాత్రి పరుచుకునే పరుపు ఒకటి ఉంచితే అదే 110 చదరపు అడుగుల గది ఆటకూ, నిద్రకూ, తరవాత చదువుకూ పనికొస్తుంది. రెండు పడకగదుల ఇంట్లోనూ, రెండున్నర అని అమ్మే ఇళ్ళలోని ఆ బుల్లి గదిలోనూ కూడా ఇది కుదురుతుంది. నన్నడిగితే మూడేళ్ళ దాకా హాలు మూల, ఆ తరవాత మంచం లేని ఈ గది.

ఏ గది అయినా రెండు పనులు ముందే చేయించాలి. పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్న లోపలి గడియ తీసేయించండి. లోపల గడియ వేసుకుని తీయడం రాక ఏడ్చే పిల్లలు, బయట కంగారుపడే పెద్దలు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటారు. బొమ్మల అర తేలికదైనా సరే, గోడకు మరమేకులతో బిగించండి. పిల్లలకది నిచ్చెనలా కనబడుతుంది. బొమ్మలు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడటం మరవద్దు, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అది తప్పనిసరి. ఏటికొప్పాక లక్కపిడతలు ఉంటే ఇంకేం కావాలి, అంకుడు కర్రతో చేసి సహజ రంగులు అద్దినవి. కొండపల్లి బొమ్మలు మాత్రం తెల్లపొణికి కర్రవి, సున్నితమైనవి. వాటిని కొలువులోనే ఉండనివ్వండి.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళకు జాగా కరువు లేదు. డాలస్ వైపు మేడ మీద గేమ్ రూమ్, న్యూజెర్సీలో అయితే బేస్‌మెంట్. అక్కడ కూడా వారాంతం వంటింటి బల్ల చుట్టూ పెద్దలు చేరగానే పిల్లలు కిందికో పైకో ఆటవస్తువులు మోసుకుని అక్కడికే వస్తారు. చలికాలంలో నెలల తరబడి బయటికి వెళ్ళలేని చోట్ల ఆ గదికి అర్థముంది. మనకు ఆ పాత్ర మే నెలది. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా బయట అడుగుపెట్టలేని రోజుల్లో ఏ గది ఉన్నా వరమే. అష్టాచెమ్మా, వామనగుంటలు, పులిమేక ఆటలు చాపంత జాగాలో ఇముడుతాయి. వాటికి గవ్వలు, చింతపిక్కలు, ఓడిపోవడానికి సిద్ధపడ్డ ఒక పెద్దవారు ఉంటే చాలు.

ఎంత మంచి గదైనా ఇవ్వలేనిది ఒకటుంది, ఆరుబయలు. పదకొండు అడుగుల గదిలో పరుగు నాలుగు అంగల్లో అయిపోతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే వీలు కల్పించి మూడేళ్ళు చూశారు. ఆ బడుల్లో 30.4 శాతం మందికి, మామూలు బడుల్లో 39.5 శాతం మందికి దూరపు చూపు మందగించింది. 2015లో ఈ ఫలితాలు వచ్చాయి. కింద పార్కింగులో ఆడొద్దని అసోసియేషన్ బోర్డు పెట్టిన అపార్ట్‌మెంటులో ఆటల గది కట్టుకోవడం కన్నా, ఆ బోర్డు గురించి సమావేశంలో గొడవపడటం పిల్లలకు ఎక్కువ లాభం.

కొన్ని ఇళ్ళకు మాత్రం ఈ బేరీజు అక్కర్లేదు, గది కావాలి అంతే. మంచాన పడ్డ పెద్దవారున్న ఇల్లు, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవారున్న ఇల్లు అటువంటివి. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి చప్పుడూ వెలుతురూ తమ అదుపులో ఉండే ఒక చోటు అవసరం. అక్కడ ఖర్చు మాట రెండోది.

సొంతంగా ఇల్లు కట్టుకుంటున్నవారైతే మేస్త్రీకి ప్లాను ఇవ్వకముందే ఒక మాట. విడిగా ఆటల గది గీయించడానికి బదులు వంటింటికి ఆనుకుని ఎనిమిది అడుగుల వెడల్పు వసారా వదిలించండి. మధ్య గోడను మూడడుగుల ఎత్తులోనే ఆపితే పొయ్యి దగ్గర నుంచే పిల్లలు కనబడతారు. ప్లగ్గులు ఐదడుగుల పైన, నేలకు జారని గరుకు టైల్స్, పడమటి ఎండకు వెదురు తెర పెట్టించండి. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆ వసారాలోనే కూరలు తరుక్కోవచ్చు.