మూడు రెసిస్టర్లు కాలాక మోటార్ మార్చాను: పాత కారు బ్లోయర్‌తో ఆరేళ్లు

అనంతపురంలో ఉంటూ కారు హీటర్ బాగు చేయించుకుంటున్నానంటే మా తోడల్లుడు పడీపడీ నవ్వాడు. "మే నెలలో కారు డోర్ తీస్తే చాలు కదన్నా, మళ్లీ హీటర్ ఎందుకు?" అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ, మామూలు కార్లలో ఏసీకీ హీటర్‌కీ గాలి తోసే ఫ్యాన్ ఒక్కటే. అదే బ్లోయర్. అది మూలనపడిందంటే ఎండాకాలం ఏసీ లేనట్టే, చలికాలం హీటర్ లేనట్టే. వానలో ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టిందంటే గుడ్డతో తుడుచుకుంటూ నడపాల్సిందే.

నాది 2008 మోడల్ చిన్న పెట్రోల్ కారు. 2015లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పని మీద వారానికి నాలుగు రోజులు తాడిపత్రి వెళ్లొస్తాను. అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీల మధ్య నుంచి ఒక్కసారి పోయొస్తే బానెట్ మీద పిండి జల్లెడ పట్టినట్టు ఉంటుంది. నా కారుకు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ లేదు. వైపర్ల కింద ఉన్న జాలీ నుంచి దుమ్ము నేరుగా బ్లోయర్‌లోకే పోతుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా వెలిగింది.

2018 మే నెలలో మొదటిసారి గాలి ఆగింది. నాబ్ ఒకటి, రెండు, మూడు మీద పెడితే ఏమీ లేదు. నాలుగు మీద పెడితే మాత్రం జోరుగా కొడుతోంది. మీ కారులో కూడా సరిగ్గా ఇలాగే ఉంటే పెద్దగా వెతకక్కర్లేదు, చాలావరకు రెసిస్టర్ పోయినట్టే. తక్కువ స్పీడ్లలో కరెంటు రెసిస్టర్ చుట్ల గుండా తగ్గి మోటార్‌కు పోతుంది. నాలుగో స్పీడుకు రెసిస్టర్‌తో పనిలేదు, కరెంటు నేరుగా పోతుంది. అందుకే అదొక్కటే బతికి ఉంటుంది. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో ఈ చుట్లు ఉండవు, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. వాటి లెక్క వేరు.

లోకల్ రెసిస్టర్ 350 రూపాయలకు దొరికింది. గ్లవ్ బాక్స్ కింద రెండు స్క్రూలు, పావుగంట పని. ఇంతేనా అనుకున్నాను. ఆర్నెల్లకే, నవంబర్‌లో, మళ్లీ పోయింది. ఇంకొకటి వేయించాను. 2019 మార్చిలో మూడోది పోయినప్పుడు కారంతా ప్లాస్టిక్ కాలిన వాసన. మా ఆవిడ కారాపమని అరిచి, పిల్లాణ్ణి చంకనేసుకుని దిగిపోయింది. బయటికి తీసి చూస్తే వైర్లు తగిలించే కప్లర్ గోధుమరంగు తిరిగి, ఒక మూల కరిగి కిందికి జారింది. ఆ మధ్యలోనే ఒకచోట ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 20 ఆంప్స్ ఫ్యూజు తీసేసి 30 పెట్టి పంపారు. నాకు చెప్పనుకూడా లేదు. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో కరెంటు ఎక్కువ లాగుతోందని అర్థం. ఫ్యూజు పెద్దది వేస్తే ఆ తర్వాత కాలేది వైరే. ఇంకో షాపులో డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి, ఎనిమిది వేలు అవుతుందన్నారు. దించాల్సిన పనే లేదని తర్వాత తెలిసింది.

చివరికి పాతూరులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. వయసులో పెద్దాయన, అందరూ చాచా అంటారు. రెసిస్టర్ చూపిస్తే దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "నాలుగో స్పీడు పెట్టప్పా" అని, తల కింద, కాళ్లు డోరు బయట పెట్టి ఎడమ సీటు ముందు పడుకున్నాడు. చెవిపెట్టి విన్నాడు. మూడు స్క్రూలు విప్పితే మోటార్ ఫ్యాన్‌తో సహా ఆయన పొట్ట మీదికి వచ్చింది. ఫ్యాన్ రెక్కల మధ్య సందుల్లో తెల్లటి దుమ్ము గట్టిపడి సున్నం పూసినట్టుంది. ఆ వెనకాల పిడికెడు చెనిక్కాయ పొట్టు, చింపిన పేపరు ముక్కలు. మా ఇంటి పక్క షెడ్డులో చెనిక్కాయ మూటలు వేస్తారు. ఎలుక ఎవరి కారులో కాపురం పెట్టిందో అప్పుడు అర్థమైంది.

చాచా ఫ్యాన్‌ను వేలితో తిప్పి వదిలాడు. సగం చుట్టు తిరిగి టక్కున ఆగింది. పక్కనే ఇంకో కారుది తీసుకుని అలాగే తిప్పితే అది తన పాటికి తిరిగి తిరిగి మెల్లగా ఆగింది. "బుష్ పట్టేసింది. రెసిస్టర్ దానంతటది సచ్చింది కాదప్పా, మోటార్ సంపింది" అన్నాడు. బుష్ అంటే మోటార్ ఇరుసు తిరిగే చిన్న తొడుగు. వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ వేస్తే నాలుగో స్పీడులో 17 ఆంప్స్ చూపించింది. కొత్త మోటార్ వేశాక అదే స్పీడులో 11. (ఇంటి వైరింగ్ వాళ్ల దగ్గర ఉండే చవకరకం క్లాంప్ మీటర్లు చాలావరకు ఇళ్లకు వచ్చే ఏసీ రకం కరెంటే చదువుతాయి. కారులో ఉండేది బ్యాటరీ ఇచ్చే డీసీ రకం. నేను ముందు ఆ మీటర్ అరువు తెచ్చుకుని, సున్నా చూపిస్తోందని ఒక సాయంత్రమంతా వృథా చేసుకున్నాను.)

మూడుసార్లు కాలడానికి కారణం తేలిపోయింది. బిగుసుకున్న మోటార్ తిరగలేక కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ కరెంటు వల్ల రెసిస్టర్ మరీ వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచాల్సింది ఈ బ్లోయర్ గాలే, అందుకే రెసిస్టర్‌ను గాలి గొట్టంలోనే బిగిస్తారు. మోటార్ మూలుగుతూ, రెక్కలు దుమ్ముతో పూడిపోయి ఉంటే ఆ గాలి ఎక్కడిది? రెసిస్టర్ మీద ఉండే చిన్న థర్మల్ ఫ్యూజు ఆ వేడికి తెగిపోతుంది. నేను కొన్న లోకల్ పీసుల్లో ఒకదానికి అదీ లేదు. కప్లర్ కరిగింది దానికే.

అందుకని నా మాట ఒకటే. రెసిస్టర్ రెండోసారి కాలిందంటే మూడోది కొనొద్దు, ముందు మోటార్ విప్పించి వేలితో తిప్పి చూడండి.

అన్ని స్పీడ్లూ పోతే కథ వేరు. ముందు ఫ్యూజు చూడాలి, తర్వాత రిలే (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్చు). నాబ్ నాలుగు మీద పెట్టి మోటార్ మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే తిరగడం మొదలైందనుకోండి, బహుశా లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయి ఉంటాయి. ఇంకో వారమో నెలో నడుస్తుంది, అంతే. దెబ్బలకు కూడా కదలకపోతే కప్లర్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ బాగుందా అని చూడాలి. చాచా ఇదంతా మీటర్ లేకుండా రెండు వైర్లు కట్టిన ఇండికేటర్ బల్బుతోనే తేల్చేస్తాడు.

పాత మోటార్‌కే బుష్, కార్బన్లు మార్చి ఇస్తానన్నాడు, ఏడెనిమిది వందల్లో అయిపోయేది. కొత్తదే వేయమన్నాను. మోటార్ 2,600, ఒరిజినల్ రెసిస్టర్ 950, కొత్త కప్లర్, కూలీ కలిపి నాలుగు వేల చిల్లర అయింది. అప్పుడు మనసు పీకింది. ఆరేళ్లు దాటింది, దాదాపు 55 వేల కిలోమీటర్లు. రెసిస్టర్ అదే ఉంది, ఫ్యూజు కంపెనీ చెప్పిన 20 ఆంప్స్‌దే ఉంది.

దీని విలువ రెండుసార్లు బాగా తెలిసొచ్చింది. 2021 డిసెంబర్‌లో కదిరి, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ పోయి, తెల్లారి దిగుతున్నాం. బయట పొగమంచు, లోపల నలుగురి ఊపిరి, అద్దం తెల్లబడిపోయింది. ఏసీ, హీటర్ రెండూ కలిపి వేసి, గాలిని అద్దం మీదికి తిప్పి, బయటి గాలి వచ్చేలా పెట్టాను. ఏసీ తడిని లాగేస్తుంది, హీటర్ అద్దాన్ని వెచ్చబెడుతుంది. రెండు మలుపులు తిరిగేసరికి దారి కనపడింది. లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి ఉంచితే మాత్రం ఆవిరి ఇంకా పెరుగుతుంది.

రెండోది 2023 మే. కర్నూలు నుంచి వస్తూ గుత్తి దాటాక లారీల వెనక ఇరుక్కున్నాం. రేడియేటర్ ఫ్యాన్ అప్పుడే మొరాయించింది, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లు, బ్లోయర్ నాలుగు మీద పెట్టాను. హీటర్ అంటే ఇంజన్ వేడినీళ్లు పారే బుల్లి రేడియేటరే. ఆ వేడంతా మన మొహాల మీదికి వస్తుంది, ఇంజన్‌కు ఆ మేరకు తగ్గుతుంది. బయట మండుటెండ, లోపల రొట్టెల బట్టీ. మా ఆవిడ తడిపిన తువ్వాలు నెత్తిన వేసుకుని ఆ పది నిమిషాలూ నాతో మాట్లాడలేదు. ముల్లు మాత్రం రెండు గీతలు దిగింది, చెట్టు నీడ దాకా పోగలిగాం. ముల్లు పైన ఉన్నా హీటర్ గాలి చల్లగా వస్తోందంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు (కూలెంట్) తగ్గిపోయాయేమోనని అనుమానించి వెంటనే బండి ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత జోలికి పోవద్దు.

నేను తీసుకున్న జాగ్రత్తలు పెద్దవేం కావు. వైపర్ల కింద జాలీకి లోపలివైపు దోమల మెష్ కత్తిరించి కట్టించాను, రెండు నెలలకోసారి బ్రష్షుతో దులుపుతాను. తాడిపత్రి ఫ్యాక్టరీల దగ్గర బయటి గాలి మూసేస్తాను. కారును ఆ షెడ్డు పక్కన పెట్టడం మానేశాను.

అంతా బాగుందని చెప్పను. చలికాలం పొద్దున మొదటి నిమిషం ఒకటో స్పీడులో సన్నగా కిర్రుమంటోంది, ఈ మోటార్ బుష్‌లో కూడా నూనె ఆరిపోతున్నట్టుంది. పైగా ఈమధ్య హీటర్ వేస్తే నల్లటి పొడి ముక్కలు వచ్చి చొక్కా మీద పడుతున్నాయి. గాలిని అటూ ఇటూ తిప్పే లోపలి పలక మీది స్పాంజి పొడిపొడి అవుతోందట. దానికి మాత్రం నిజంగానే డ్యాష్‌బోర్డు దించాలన్నాడు చాచా. ఈ వారం కాదులే అని వచ్చేశాను. ప్రస్తుతానికి తెల్లచొక్కా వేసుకున్నరోజు హీటర్ వేయడం లేదు.