గొలుసు పట్టిన అల్లుడు: నార్త్ కరోలినాలో బావగారితో నాలుగు రోజులు

మా కోడలు అమెరికా అమ్మాయి. వాళ్ల నాన్నగారి ఇంటిపేరు ‘మెక్’తో మొదలవుతుంది, అంతవరకే చెబుతాను. తమ మూలపురుషుడు అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్నప్పుడే స్కాట్లాండు నుంచి ఓడలో వచ్చాడని వాళ్లింట్లో చెప్పుకొంటారు. చేతిలో మాత్రం ఒక్క కాగితం లేదు. నేను కేరీలో మా అబ్బాయి ఇంట్లో ఉండగా ఆయన వచ్చి, “ఆ కాగితం వెతకడానికి వెళ్తున్నా. బావగారూ, నాతో వస్తారా?” అని అడిగారు. కూతురు నేర్పిన ఆ ఒక్క పిలుపును ఆయన ఎంత శ్రద్ధగా పలుకుతారంటే, కాదనడానికి నోరు రాదు. పైగా నేను ముప్పై ఏళ్లు సర్వే శాఖలో చేశాను.

బయలుదేరకముందే ఆయన కొంత డబ్బు వదిలించుకున్నారు. వంశచరిత్ర తీసిస్తామన్న ఒక సంస్థ సింహం, కత్తి ఉన్న ‘కుటుంబ చిహ్నా’న్ని ఫ్రేము కట్టించి పంపింది. స్కాట్లాండులో అటువంటి చిహ్నం ఇంటిపేరుకు దక్కేది కాదు, ఒక వ్యక్తికి మంజూరయ్యేది. ఆ వ్యవహారాలు చూడటానికి లార్డ్ లయన్ న్యాయస్థానం అని ప్రత్యేకంగా ఒకటుంది. ఫ్రేము మాత్రం హాల్లోనే వేలాడుతోంది, మేకు కొట్టారు కదా మరి.

మొదటి రెండు రోజులు రాజధాని రాలీలో, పాత రికార్డులు భద్రపరిచే రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గడిపాం. ఈ యాత్రలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే, పైగా రుసుము లేదు. సంచి లాకరులో పెట్టాలి. పెన్ను నిషేధం, పెన్సిలే. సిబ్బంది మన వంశవృక్షాన్ని వెతికి చేతికివ్వరు కానీ, ఏ రికార్డు ఎక్కడుందో ఓపికగా చూపిస్తారు. కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు, ఇంటిపేరుకు ఉండగల నాలుగైదు రకాల స్పెల్లింగులు ముందే రాసుకుని వెళ్లండి. మెక్, మాక్, ఒట్టి ఎమ్ పక్కన ఒక చుక్క, గుమస్తాకు ఎలా తోస్తే అలా రాశాడు.

1739లో స్కాట్లాండులోని ఆర్గైల్ ప్రాంతం నుంచి సుమారు 350 మంది ‘థిసిల్’ అనే ఓడలో కేప్ ఫియర్ నదీ తీరానికి వచ్చారు. అప్పటి గవర్నరు గాబ్రియేల్ జాన్‌స్టన్ కూడా స్కాట్లాండువాడే. తరవాతా ఓడలు వస్తూనే ఉన్నాయి. చిక్కల్లా పేర్లతోనే. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. మన ఇళ్లలో తాత పేరు పెట్టుకున్నట్టే. దాంతో ఒకే వాగు పక్కన ఒకే పేరుతో ముగ్గురు తేలారు. తనవాడు ఎవరో తేలక బావగారు మొదటి రోజు సాయంత్రానికి పెన్సిలు కొరకడం మొదలుపెట్టారు.

రెండో రోజు భూమి పట్టాల సర్వే పటాలు అడిగాం. తెరమీద పెద్దవి చేసి చూస్తుంటే నాకు మా ఆఫీసులో కూర్చున్నట్టే ఉంది. సరిహద్దులు రాళ్లు కావు, చెట్లు: ఒక మూల పైన్, ఇంకో మూల ఓక్. ఆ చెట్లు ఇప్పుడు ఎక్కడుంటాయి! కొలతలు ‘పోల్’లలో ఉన్నాయి. పోల్ అంటే 16.5 అడుగులు. నాలుగు పోల్‌లు ఒక గొలుసు, 66 అడుగులు. మనకు తెల్లవాళ్లు తెచ్చిపెట్టిన గొలుసూ ఇదే. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చెక్క సరిగ్గా పది సెంట్లు. పటం అడుగున సర్వేయరు సంతకం పక్కన చిన్న అక్షరాలతో మరో రెండు పేర్లున్నాయి. బావగారు పేజీ దాటించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రమాణం చేసి గొలుసు పట్టిన చైన్‌మన్‌ల పేర్లవి. ఆ పనికి ఊరు కాని ఊరినుంచి మనిషిని తేరు. చుట్టమో పొరుగువాడో పడతాడు.

ఒక పేరు మా వాడిదే. పొలం యజమాని వీలునామా తీయిస్తే, అందులో అల్లుడిగా అదే పేరు, కూతురుగా బావగారి కుటుంబ బైబిల్లో రాసి ఉన్న మూలపురుషుడి భార్య పేరు. ముగ్గురిలో ఎవరో తేలిపోయింది. మామగారి పొలం కొలతకు గొలుసు పట్టిన అల్లుడు! బావగారు అయిదు నిమిషాలు మాట్లాడలేదు. తరవాత, “జీతం ఇచ్చి ఉంటాడంటారా?” అని అడిగారు.

అక్కణ్ణుంచి కేప్ ఫియర్ నది పక్కనున్న ఫయెట్‌విల్ ఊరికి వెళ్లి, బస విషయంలో దెబ్బతిన్నాం. హైవే పక్క మోటెల్ చవకే కానీ, పొగతాగరాని గదిలో సిగరెట్ కంపు, రాత్రంతా లారీల మోత. మర్నాడు పాత ఇంట్లో అద్దె గదికి మారాం. ఖర్చు దాదాపు రెట్టింపైనా నిద్ర పట్టింది. ఆ ఊరి గ్రంథాలయంలోని స్థానిక చరిత్ర విభాగానికి ఒక పూట కేటాయించవచ్చు.

చివరి రోజు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఒక పోరు జరిగిన మూర్స్ క్రీక్ వంతెనకు వెళ్లాం. 1776 ఫిబ్రవరి 27న రాజు పక్షాన కత్తులు దూసి వచ్చిన స్కాట్లాండువాళ్లకు ఇక్కడ వంతెన పలకలు లేవు, మిగిలిన దూలాలకు సబ్బు, కొవ్వు పూసి ఉన్నాయి. పోరు నిమిషాల్లో ముగిసింది. ప్రవేశం ఉచితం, నడక మైలు లోపే. ఓడినవాళ్లకూ ఒక స్మారకం నిలబెట్టడం నాకు నచ్చింది. దోమల మందు మాత్రం మరవకండి. జులైలో గ్రాండ్‌ఫాదర్ పర్వతం దగ్గర జరిగే స్కాటిష్ ఆటలు సరదాకు మంచివంటారు. మాకు కావలసింది కాగితం కాబట్టి అటు పోలేదు.

తిరుగు దారిలో వేడ్ దగ్గర, నది ఒడ్డున ఓల్డ్ బ్లఫ్ చర్చి చూశాం. 1758లో ఏర్పడిన సంఘం అది. మొదటి పాస్టరు జేమ్స్ క్యాంప్‌బెల్ ఆ స్కాట్లాండువాళ్ల సొంత భాష గ్యాలిక్‌లోనూ బోధించేవాడు. భవనం తాళం వేసి ఉంది. సమాధుల మధ్య కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాం.

“66 అడుగులంటే ఎంత దూరం?” అని అడిగారు బావగారు.

“క్రికెట్ పిచ్ అంత.”

“క్రికెట్ అంటే?”

కేరీ చేరేదాకా అదే చెబుతూ కూర్చున్నాను. ఎల్బీడబ్ల్యూ దగ్గర ఇల్లు వచ్చేసింది.