వావిలి అడిగితే వంకాయరంగు ఆకు ఇచ్చారు

అమ్మాయి పెళ్లయిన వారానికే మా అత్తగారు పెరట్లో వావిలి నాటమన్నారు. రేపు పురుడొస్తే బాలింత స్నానానికి ఆకు ఎక్కడ వెతుకుతావని ఆవిడ బెంగ. ఒకప్పుడు కాలువగట్టున కావలసినంత కోసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ గట్టంతా సిమెంటు. అందుకని ఏలూరులో బస్సెక్కి, రావులపాలెం మీదుగా కడియపులంక వెళ్లి, రోడ్డు పక్కనే ఉన్న ఒక పెద్ద నర్సరీలో అడిగాను.

"ఇదే వావిలి అమ్మా" అంటూ కుర్రాడు ఇచ్చిన మొక్క చూడముచ్చటగా ఉంది. డెబ్బై రూపాయలు. ఇంటికొచ్చి ఆకు తిరగేస్తే అడుగున వంకాయరంగు! అది నీటి వావిలిలో అందానికి, కంచెకు పెంచే రకం. నేనడిగిన వావిలికి ఆకు అడుగు బూడిద తెలుపు. ఒక్కో కాడకు మూడో అయిదో సన్నటి ఆకులు వేళ్లలా విచ్చుకుని ఉంటాయి. నలిపితే ఘాటు నేరుగా ముక్కుకెక్కుతుంది. నలిపి చూడకుండా డబ్బిచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఫోను చేస్తే రెండూ ఒకటేనని వాదించారు. "వినాయక చవితినాడు 'హేరంబాయ నమః, సింధువారపత్రం పూజయామి' అంటామే, ఆ సింధువారం కావాలి బాబూ" అన్నాను. ఎవరో పెద్దాయన ఫోను అందుకుని, "పత్రి వావిలా! ముందే చెప్పరేమండీ" అన్నారు. మొక్క మార్చి ఇచ్చారు, కాదనను. కానీ రెండోసారి రానూపోనూ ఖర్చు నాదే. బిల్లు రెండుసార్లూ ఇవ్వలేదు.

వేళ్ల చుట్టూ ఎర్రమట్టి ఇటుకలా బిగుసుకుని ఉంది. బకెట్టు నీళ్లలో నానబెట్టి, సగం మట్టి కరిగాక నాటాను. వానలు వెళ్లేసరికి నా నడుమెత్తు పెరిగింది. మాఘమాసంలో ఆకులన్నీ పండి రాలి, పుల్లలు మిగిలాయి. మావారు పీకబోతే ఆపి, గోటితో బెరడు గీకి చూపించాను. లోపల పచ్చగా ఉంది. ఉగాదికి చిగుళ్లు, తరువాత లేత ఊదారంగు పూల కంకులు, వాటి మీద తేనెటీగలు. దారిన పోయే మేకలు వాసన చూసి వెళ్లిపోతున్నాయి. కత్తిరించిన కొమ్మలు గుచ్చితే నాలుగింటిలో మూడు నాటుకున్నాయి. ఎండిన ఆకు బియ్యం డబ్బాలో వేశాను.

మొక్కకు అయిదు చుక్కలు, నర్సరీకి రెండున్నర. అమ్మాయి దగ్గర నుంచి ఇంకా ఏ కబురూ లేదు. ఆకు మాత్రం మోకాళ్ల నొప్పులకని అత్తగారే రోజూ నీళ్లలో కాచుకుంటున్నారు.