పాత డాక్యుమెంటేషన్ వికీ: నడపాలా, మార్క్‌డౌన్‌లోకి మార్చాలా, స్టాటిక్ చేసి ఉంచాలా?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చూసుకునేవాళ్లు ఈ మధ్య తరచూ ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "పదిహేనేళ్ల నాటి మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) ఒకటి ఉంది. సగం పేజీలు పాతబడ్డాయి. రాసేవాళ్లు లేరు, స్పామ్ మాత్రం ఆగట్లేదు. ఇలాగే నడపాలా, మొత్తం మార్క్‌డౌన్‌లోకి (మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులతో హెడింగులు, లింకులు రాసే పద్ధతి) మార్చి గిట్‌లో (ఫైళ్ల మార్పులను నమోదు చేసే వ్యవస్థ) పెట్టాలా, లేక స్టాటిక్ హెచ్‌టీఎంఎల్ పేజీలుగా, అంటే ఇక మారని మామూలు ఫైళ్లుగా, చేసి ఉంచెయ్యాలా?"

నా దృష్టిలో ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: పాత లింకులు బతుకుతాయా, లేదా? థీమ్, సెర్చ్, హోస్టింగ్ ఖర్చు అన్నీ దాని తర్వాతే.

ఆ లింకులు ఎక్కడెక్కడ ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. కాన్ఫిగ్ ఫైల్లో కామెంటుగా ఉంటాయి. మ్యాన్ పేజీ (కమాండు సహాయ పత్రం) చివర, కమిట్ మెసేజ్‌లో (కోడ్ మార్పుతో రాసే నోట్), ఎప్పుడో మూసేసిన బగ్ రిపోర్టులో, అచ్చయిపోయిన పుస్తకంలో ఉంటాయి. మన సైటులోవైతే మనమే దిద్దుకుంటాం. 2011లో విడుదల చేసిన టార్‌బాల్‌లో (సోర్స్ కోడ్ ప్యాకేజీలో) ఉన్న లింకును ఇప్పుడు ఎవరు దిద్దుతారు? ఆ వెర్షన్ ఏ కాలేజీ ల్యాబులోనో ఇంకా నడుస్తూ ఉండొచ్చు. అది ఎర్రర్ ఇచ్చి, "వివరాలకు ఈ పేజీ చూడండి" అని అడ్రస్ చూపించినప్పుడు అక్కడ 404 (పేజీ లేదు) వస్తే, ఆ మనిషికి ఇక దిక్కెవరు?

ఈ విషయంలో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాళ్ల పద్ధతి నాకు చాలా ఇష్టం. 2.7 వెర్షన్‌కి సపోర్ట్ 2020 జనవరి 1తో ముగిసింది. అయినా దాని పత్రాలు ఉన్నచోటే ఉన్నాయి, పైన మాత్రం "ఇది పాత వెర్షన్" అన్న పట్టీ ఉంటుంది. 1996లో వచ్చిన 1.4 పత్రాలు కూడా ఈరోజుకీ చదువుకోవచ్చు.

ముందు, ఉన్నదాన్ని అలాగే నడపడం సంగతి. లింకులకు ఏమీ కాదు, ఆ మేరకు మంచిదే. కానీ వికీ అంటే ఒక ప్రోగ్రాము, డేటాబేసు, ఆ ప్రోగ్రాము రాసిన పీహెచ్‌పీ భాష, ఎవరో రాసిచ్చిన ఎక్స్‌టెన్షన్లు. పీహెచ్‌పీ 5.6కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2018 చివరితో ఆగాయి. 7.0 వచ్చినప్పుడే పాత మైఎస్‌క్యూఎల్ (డేటాబేసు) ఫంక్షన్లను తీసేశారు కాబట్టి, వాటి మీద ఆధారపడ్డ ఎక్స్‌టెన్షన్లు కొత్త వెర్షన్‌కి కదలవు. మోయిన్‌మోయిన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ మీద నడిచే వికీలది ఇంకా కష్టం, 1.9 సిరీస్ అంతా పైథాన్ 2 మీదే నడుస్తుంది. పైగా ఇప్పుడు క్రాలర్లు (వెబ్ పేజీలను వాటంతటవే లాగే ప్రోగ్రాములు) ప్రతి పేజీ హిస్టరీనీ, ప్రతి రెండు ఎడిట్ల మధ్య తేడానూ విడివిడిగా లాగుతున్నాయి. ఎవరూ చదవని పేజీల కోసం సర్వర్ ఊపిరాడకుండా పనిచేస్తుంది. నెలనెలా అప్‌డేట్లు చూసే మనిషి ఖచ్చితంగా ఉంటే నడపండి. లేకపోతే ఎప్పుడు ఎవడు లోపలికి దూరతాడో అన్న టెన్షన్ తప్పదు.

మార్క్‌డౌన్, గిట్ దారి చూడటానికి అందంగా ఉంటుంది. కోడ్ మారిన పుల్ రిక్వెస్టులోనే (మార్పును చేర్చమని పంపే అభ్యర్థన) పత్రమూ మారుతుంది, ఇంకొకరు చూసి ఓకే అంటారు. పైథాన్ పత్రాలు లేటెక్ (అచ్చుకు వాడే మార్కప్) నుంచి స్ఫింక్స్‌కి (టెక్స్ట్ ఫైళ్ల నుంచి పత్రాలు తయారుచేసే టూల్) మారి 2008లో 2.6తో వచ్చాయి. లినక్స్ కెర్నల్ పత్రాలు 2016లో 4.8 నుంచి స్ఫింక్స్ బాట పట్టాయి. రెండూ మంచి నిర్ణయాలే, ఎందుకంటే అవి రోజూ రాసేవాళ్లున్న పత్రాలు. మొజిల్లా వాళ్ల ఎండీఎన్ (వెబ్ డెవలపర్ల పత్రాల సైటు) 2020 డిసెంబరులో వికీని వదిలి గిట్‌హబ్‌కి (గిట్ రిపోజిటరీలు ఉంచే సైటు) వెళ్లింది. మొదట హెచ్‌టీఎంఎల్‌గానే తీసుకెళ్లి, మార్క్‌డౌన్‌లోకి మార్చే పని ఆ తర్వాత చేపట్టారు. పాత అడ్రసు నుంచి కొత్త అడ్రసుకు దారి చూపే పట్టిక ఒకటి ఆ రిపోజిటరీలోనే ఉంచారు. అదంతా జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుని చేసిన పని.

మన దగ్గర ఉన్నది శనివారం సాయంత్రం గంటో రెండు గంటలో కూర్చునే ఇద్దరు వలంటీర్లు. పాండాక్ అనే ఫార్మాట్ మార్చే టూల్ మీడియావికీ పేజీని చదివి మార్క్‌డౌన్ ఇస్తుంది, నిజమే. కానీ మనం సొంతంగా చేసుకున్న హెచ్చరిక టెంప్లేట్లు దానికి అర్థం కావు, గళ్లలో గళ్లున్న పట్టికలు చెదిరిపోతాయి. ప్రతి పేజీనీ మనిషి చూడాల్సిందే.

అంతకన్నా పెద్ద ఇబ్బంది, అడ్రసులో హ్యాష్ గుర్తు (#) తర్వాత ఉండే, పేజీలోని ఫలానా హెడింగ్‌కి తీసుకెళ్లే భాగం. మీడియావికీ హెడింగ్‌లోని ఖాళీలను అండర్‌స్కోర్ చేస్తుంది, పెద్ద అక్షరాలను అలాగే ఉంచుతుంది. మార్క్‌డౌన్ సైట్ జనరేటర్లు చాలావరకు అన్నీ చిన్న అక్షరాలు చేసి హైఫన్ పెడతాయి. హ్యాష్ తర్వాతి భాగాన్ని బ్రౌజర్ అసలు సర్వర్‌కి పంపదు. అందుకే సర్వర్‌లో ఎంత చక్కగా 301 (పాత అడ్రసు నుంచి కొత్తదానికి మళ్లించే రూల్) రాసినా ఈ ముక్క సరికాదు. పేజీ తెరుచుకుంటుంది, మనిషి మాత్రం నలభై హెడింగులున్న పేజీ మొదట్లో నిలబడి వెతుక్కుంటాడు.

ఇంకోటి, పాత తప్పుకు కొత్త బట్టలు తొడిగితే చదివేవాళ్లు దాన్ని నమ్ముతారు. "గూగుల్ కోడ్ నుంచి ఎస్‌వీఎన్‌తో దించుకోండి" అన్న పేజీ పాత వికీ రూపంలో ఉంటే చూడగానే పాతదని తెలుస్తుంది. అదే పేజీ నిగనిగలాడే కొత్త థీమ్‌లో కనిపిస్తే, 2016లో మూతపడ్డ సర్వీసు కోసం కొత్తగా వచ్చిన కుర్రాడు గంటసేపు తిప్పలు పడతాడు.

అందుకే నేను స్టాటిక్ వైపే మొగ్గుతాను. ఎడిటింగ్, లాగిన్ ఆపేసి, హిస్టరీ పేజీలు మినహాయించి, సైటు మొత్తాన్ని డబ్ల్యూగెట్ అనే డౌన్‌లోడ్ టూల్‌తో కాపీ చేసి, అదే డొమైన్‌లో, అవే అడ్రసుల్లో పెట్టడం. గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు వాళ్లు పాత వికీని ఇలాగే ఆర్కైవ్‌గా ఉంచి, కొత్త సమాచారం కోసం హ్యాండ్‌బుక్‌కి పంపిస్తున్నారు.

ఇందులో జాగ్రత్తలు రెండున్నాయి. పాత వికీ అడ్రసుల్లో ఇండెక్స్ ఫైలు పేరు, ప్రశ్నార్థకం, ఆ తర్వాత టైటిల్ ఉంటాయి. డబ్ల్యూగెట్ ప్రశ్నార్థకంతో సహా ఫైలు పేరుగా దాస్తుంది. సర్వర్ మాత్రం ప్రశ్నార్థకం దగ్గర ఆగిపోయి ఇండెక్స్ ఫైలు కోసమే వెతుకుతుంది. అపాచీలోనో ఎన్‌జింక్స్‌లోనో (వెబ్ సర్వర్ ప్రోగ్రాములు) ఆ టైటిల్‌ని చదివి సరైన ఫైలు ఇచ్చే రూల్ రాయాలి. గిట్‌హబ్ పేజెస్‌లో (గిట్‌హబ్ వాళ్ల స్టాటిక్ హోస్టింగ్) అలాంటి రూల్ రాసే వీల్లేదు. ఉచితమని అక్కడికి వెళ్తే ఈ లింకులన్నీ పోతాయి.

రెండోది తెలుగు పేజీలున్న వికీలకు. డబ్ల్యూగెట్ మామూలు సెట్టింగ్‌లో 128 నుంచి 159 వరకు ఉన్న బైట్లను కంట్రోల్ క్యారెక్టర్లుగా లెక్కేసి మార్చేస్తుంది. పేజీ పేరు "తెలుగు" అయితే అందులో త, ల బాగానే ఉంటాయి. గ, ఎత్వం, కొమ్ములు మాత్రం పర్సెంట్ గుర్తులతో చెడిపోతాయి, ఎందుకంటే వాటి చివరి బైటు సరిగ్గా ఆ హద్దుల్లోనే పడుతుంది. ఫైలు పేర్ల ఆప్షన్‌కి నోకంట్రోల్ అని ఇస్తే పేరు పేరులా ఉంటుంది.

హిస్టరీ పేజీలు తీసేస్తున్నా రాసినవాళ్ల పేర్లు పోకూడదు. లైసెన్స్ సీసీ బై ఎస్‌ఏ (క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి) అయితే పేరు చెప్పడం షరతు కూడా. మొత్తం హిస్టరీతో ఎక్స్‌ఎంఎల్ డంప్ (వికీ డేటా అంతా ఉన్న ఫైలు) తీసి అక్కడే డౌన్‌లోడ్‌కి పెట్టండి. ప్రతి పేజీ పైనా ఏ వెర్షన్‌కి రాసిందో, ఎప్పుడు ఆపేశారో చెప్పే పట్టీ ఉండాలి. ఇప్పటికీ పనికొచ్చే ఇన్‌స్టాల్ గైడ్ లాంటి పేజీలు ఏ పది ఉంటాయో వాటిని మాత్రం గిట్‌లో కొత్తగా రాసుకోండి. పాత పేజీని తీసెయ్యకుండా పట్టీలోనే కొత్తదానికి లింకు ఇవ్వండి.

పాత వెబ్ పేజీల కాపీలు భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ ఉందిగా అంటారు కొందరు. ఉండనివ్వండి, కానీ దాని మీదే వదిలెయ్యకండి. 2024 అక్టోబరులో దాడి జరిగి అది రోజుల తరబడి అందుబాటులో లేదు. కివిక్స్ (నెట్ లేకుండా వికీలు చదివే యాప్) కోసం దాని జిమ్ ఫార్మాట్‌లో ఫైలు చేస్తే నెట్ లేనిచోట పనికొస్తుంది, లింకుల సమస్యకు అది జవాబు కాదు.

మార్చే ముందు పాత సర్వర్ యాక్సెస్ లాగ్‌లో ఏడాదిగా జనం అడిగిన అడ్రసులన్నీ ఒక ఫైల్లోకి తీసుకోండి. కొత్త సైటు మీద వాటిని ఒక్కొక్కటిగా అడిగించి, పాత సర్వర్‌లో 200 (పేజీ ఉంది) వచ్చి ఇక్కడ 404 వచ్చినవాటిని సరిచేశాకే డీఎన్‌ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) మార్చండి.