పాప్‌కార్న్ మందు: పారే లైన్లలో బాగుంది, మూలల్లో లేదు

ఎస్‌బీఆర్ (సింథటిక్ రబ్బరు) ప్లాంట్‌లో, రియాక్షన్‌లో మిగిలిన బ్యూటడైన్ ముడిసరుకును తిరిగి పట్టే రికవరీ సెక్షన్ నాది. డీఈహెచ్‌ఏ, అంటే డైఇథైల్ హైడ్రాక్సిలమైన్ రకం ఇన్‌హిబిటర్ (బ్యూటడైన్ పైపుల్లోనే గట్టిపడి పాప్‌కార్న్ పాలిమర్‌గా పెరగకుండా ఆపే మందు) ఎనిమిది నెలలుగా వాడుతున్నాం. మొన్న షట్‌డౌన్‌లో లైన్లు విప్పి చూశాక రాస్తున్నాను.

అంతకుముందు షట్‌డౌన్‌లో కండెన్సర్ మీది రిలీఫ్ వాల్వ్ తీస్తే, కింద నాజిల్ నిండా కాలీఫ్లవర్ పువ్వులా తెల్లటి పాప్‌కార్న్ పాలిమర్. లోపల అది పెరిగిన ఒత్తిడికి ఫ్లాంజ్ బోల్టులు రెండు సాగాయి. రబ్బరే కదా, చేత్తో లాగితే వస్తుందనుకున్న కుర్రాడు చివరికి ఉలి తెచ్చుకున్నాడు. అది సాల్వెంట్‌లో కరగదు, ఉబ్బుతుందంతే. లోపల పెరాక్సైడ్లుంటాయి, ఆరితే అంటుకోవచ్చు. అందుకే ఊడిన ప్రతి ముక్కా నీళ్ల బకెట్లోకే.

అప్పటిదాకా టీబీసీ అనే ఇంకో ఇన్‌హిబిటర్‌నే నమ్ముకున్నాం. ట్యాంకులో బ్యూటడైన్‌కు అది చాలు. కానీ టీబీసీ మరిగేది 285 డిగ్రీల దగ్గర, ఆవిరి వెంట పైకి రాదు. పైగా పనిచేయడానికి కాస్త ఆక్సిజన్ కావాలి. మాకు పాప్‌కార్న్ మొదలయ్యేదేమో పై లైన్లలో, తుప్పు పట్టిన చోట. డీఈహెచ్‌ఏ 125-130 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆవిరితో కలిసి కండెన్సర్ దాకా వెళ్తుంది. ఈసారి ఆ లైన్‌లో టార్చి వేస్తే స్టీలు కనబడింది. రెండు మూడు వారాలకోసారి విప్పే స్ట్రైనర్‌ను ఎనిమిది నెలల్లో రెండుసార్లే విప్పాం.

అమ్మినాయన మాత్రం 'ఇక పాప్‌కార్న్ ఊసే ఉండదు' అన్నాడు. వాల్వు మూసి వదిలేసిన బైపాస్ మొండిలో పిడికిలంత ముద్ద దొరికింది. అక్కడ ప్రవాహమే లేదు, మందెలా చేరుతుంది? 2019 నవంబర్ 27న టెక్సస్‌లోని పోర్ట్ నెచెస్‌లో పైపు పగిలి పేలుడు జరిగింది కూడా ఇలాంటి డెడ్ లెగ్‌లో (ప్రవాహం లేని పైపు మొండిలో) పెరిగిన పాప్‌కార్న్ వల్లే. ఆ ముద్ద చూశాక నాకు చెమటలు పట్టాయి.

పాత గింజ ఒక్కటి మిగిలినా దాని మీద మళ్లీ పెరుగుతుంది. అందుకని ముందు శుభ్రంగా గీకి, సోడియం నైట్రైట్ ద్రావణంతో కడగాలి. ఈ మాట ఆయన చెప్పలేదు, మా ఇన్‌స్పెక్షన్ వాళ్లు చెప్పారు.

ఇంకో తలనొప్పి. భయంతో ఒక వారం డోస్ పెంచాం. రికవరీ బ్యూటడైన్‌తో పాటే మందు రియాక్టర్‌లోకి చేరి, 60 శాతం కన్వర్షన్‌కు (ముడిసరుకు రబ్బరుగా మారడానికి) గంటన్నర ఎక్కువ పట్టింది. షార్ట్‌స్టాప్‌గా, అంటే రియాక్షన్‌ను ఆపడానికి, వాడే పదార్థమే కదా మరి! డోసింగ్ పంపు దగ్గర చేపల వాసన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఐదుకు మూడున్నర. ఆర్డర్ మళ్లీ పెట్టాం, ఆ బైపాస్ మొండిని కోయించేశాం.